ఫులానొ, ఫలానా: స్పానిష్ మాటలు ఎలా పట్టుబడతాయి?

పేరు తెలియని మనిషిని, పేరు చెప్పడం ఇష్టంలేని మనిషిని స్పానిష్‌లో ‘ఫులానొ’ అంటారు. మన ‘ఫలానా’కు అది వేలు విడిచిన చుట్టం. రెండింటి మూలం అరబ్బీ ‘ఫులాన్’. 711లో జిబ్రాల్టర్ జలసంధి దాటిన సేనల వెంట ఆ మాట స్పెయిన్‌లో అడుగుపెట్టింది. ఇటు ఫారసీ, ఉర్దూల మీదుగా దక్కనులోకి దిగి మన కచేరీ కాగితాల్లో కుదురుకుంది. స్పానిష్ నేర్చుకోవాలని కూర్చున్న తెలుగు విద్యార్థికి ఈ సంగతి చెబితే చాలు, మొదటి రోజే ఒక మాట ఊరికే వచ్చేస్తుంది. అయితే చెప్పేవాళ్లు అరుదు. పాఠ్యపుస్తకం ఇంగ్లిష్ వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది, ఫోనులోని యాప్ ఇంగ్లిష్‌లో వివరిస్తుంది, పంతులుగారు కూడా ఇంగ్లిష్ మీదుగానే నేర్చుకున్నారు. అందుకని తెలుగువాడు పక్కింటికి వెళ్లడానికి ఊరంతా చుట్టివస్తున్నాడు.

నేర్చుకునేవాళ్లు మాత్రం తక్కువేం లేరు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్లమందికి తల్లిభాష. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లే 4 కోట్లకు పైగా ఉన్నారు. అక్కడి హైస్కూళ్లలో మన తెలుగు పిల్లలు రెండో భాష ఎంచుకోవలసి వస్తే చాలాసార్లు వేలు పెట్టేది స్పానిష్ మీదే. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో స్పానిష్ పాఠాలున్నాయి. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతొ సెర్వాంతెస్ కేంద్రం ఉంది, ‘దేలె’ పరీక్ష ద్వారా స్థాయిని ధ్రువీకరించేది ఆ సంస్థే. ఎక్కడ చేరినా ఆరేడు నెలలు గడిచేసరికి అందరూ ఒకే మాట అంటారు: వ్యాకరణం ఎలాగో లొంగింది, మాటలే నిలవడం లేదు.

మాటలకు అంతుండదు మరి. స్పానిష్ రాయల్ అకాడమీ 2014లో వెలువరించిన 23వ ముద్రణ నిఘంటువులో ఉన్న పదాల పద్దులు 93,111. ఆ భాషలో పుట్టిపెరిగినవాళ్లకే సగం తెలియవు. కాబట్టి నేర్చుకునేవాడి ముందున్న ప్రశ్నలు వేరు. ఎన్ని మాటలు కావాలి? వాటిని ఎలా నిలుపుకోవాలి? ఏవి ముందు, ఏవి తర్వాత? వీటి మీద నూటముప్పై ఏళ్లకు పైగా పరిశోధన జరిగింది. తమాషా ఏమిటంటే అందులో ముఖ్యమైన ప్రయోగాలు కొన్ని సరిగ్గా స్పానిష్ మాటల మీదే జరిగాయి.

లెక్కతో మొదలుపెడదాం. మార్క్ డేవిస్ అనే భాషావేత్త రెండు కోట్ల పదాల స్పానిష్ సామగ్రిని జల్లెడ పట్టి, ఎక్కువగా వాడే 5,000 మాటలతో 2006లో ఒక నిఘంటువు తెచ్చాడు. ఆయన లెక్కలో మొదటి వెయ్యి మాటలు తెలిస్తే మౌఖిక సంభాషణలో నూటికి 88 వంతుల దాకా తెలిసినవే తగులుతాయి. కథలూ నవలల్లో అది 80 దగ్గర, ఇతర వచనంలో 76 దగ్గర ఆగుతుంది. రెండో వెయ్యి నేర్చుకుంటే సంభాషణలో పెరిగేది సుమారు ఐదు వంతులు, మూడో వెయ్యితో రెండు వంతులకు కాస్త పైన. మొదటి వెయ్యి ఆసామిని చేస్తుంది, ఆ తర్వాతి వేలు చిల్లర చేరుస్తాయి.

‘వెయ్యి మాటలతో స్పానిష్’ అని ఊరించే ప్రకటనలన్నీ ఈ 88 మీద ఆధారపడినవే. ఆ అంకెను కొంచెం గిల్లి చూడాలి. ‘రేపు పొద్దున మీ ఇంటికొచ్చి మీ నాన్నగారి దగ్గర ఫలానాది తీసుకెళ్తాను’ అని ఎవరైనా అన్నారనుకోండి. ఒక్కటి తప్ప అన్ని మాటలూ తెలుసు. తీసుకెళ్లేది దుప్పటో దస్తావేజో మాత్రం తెలియదు. తరచుగా వినిపించే మాటలు వాక్యానికి దారం లాంటివి, విషయం మోసేవి అరుదైన మాటలే. ఇంగ్లిష్ మీద పనిచేసిన న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ అందుకే గీతను 98 శాతం దగ్గర గీశాడు, అంటే యాభై మాటలకు ఒక్కటి మాత్రమే తెలియనిది. ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే ఇంగ్లిష్‌లో ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని 2006లో ఆయన లెక్కగట్టాడు. వెయ్యికీ తొమ్మిది వేలకూ మధ్య ఉన్నదే అసలు ప్రయాణం.

ఆ దారిలో పెద్ద శత్రువు మరుపు. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎన్ని గంటలకు ఎంత జారిపోతున్నదో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మొదటి గంటల్లో ఎక్కువ పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నూటముప్పై ఏళ్ల తర్వాత, 2015లో, నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ పనినే తిరిగి చేస్తే దాదాపు అదే గీత వచ్చింది.

స్పానిష్ విషయంలో అందరికంటే ఓపిక పట్టినవాడు అమెరికాలోని ఒహాయో వెస్లియన్ యూనివర్సిటీకి చెందిన హ్యారీ బారిక్. బడిలో, కాలేజీలో స్పానిష్ చదువుకున్న 733 మందిని పోగుచేశాడు. కొందరు అప్పుడే చదువుతున్నవాళ్లు, కొందరు చదివి యాభై ఏళ్లయినవాళ్లు. 1984లో ఫలితాలు వచ్చాయి. మొదటి మూడు నుంచి ఆరేళ్లలో చాలా పోతుంది. ఆ తర్వాత మిగిలింది మాత్రం వాడకపోయినా పాతికా ముప్పై ఏళ్లు కదలకుండా ఉంటుంది! మొదట్లో ఎంత గట్టిగా నేర్చుకున్నారన్న దాన్ని బట్టే ఎంత మిగులుతుందన్నది ఉంటుంది. ఊరగాయ జాడీ పద్ధతి ఇది. పెట్టేటప్పుడు ఉప్పూ నూనే సరిగ్గా పడితే ఏళ్ల తరబడి ఉంటుంది, లేకపోతే నెలకే బూజు పడుతుంది.

సరిగ్గా పడటం అంటే ఏమిటో కూడా బారిక్ చూపించాడు. యాభై స్పానిష్ మాటలను కొందరికి ఒకే రోజు వెంటవెంటనే, కొందరికి రోజుకోసారి, కొందరికి నెలకోసారి వల్లె వేయించాడు. ఎనిమిదేళ్ల తర్వాత పరీక్షిస్తే మొదటివాళ్లకు గుర్తున్నవి నూటికి 6, రెండోవాళ్లకు 8, నెల ఎడం ఇచ్చినవాళ్లకు 15. ఆయన అంతటితో ఆగకుండా భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ కూర్చోబెట్టి తొమ్మిదేళ్ల ఇంటిల్లిపాది ప్రయోగం చేశాడు. నలుగురూ తలా 300 పరభాషా పదాలు నేర్చుకున్నారు. రెండేసి వారాలకోసారి 26 సార్లు చదివినా, ఎనిమిదేసి వారాలకోసారి 13 సార్లు చదివినా ఫలితం దాదాపు ఒకటే అని 1993లో నలుగురి పేర్లతోనూ ప్రకటించారు. ఎడం పెంచితే సగం శ్రమ మిగులుతుందన్నమాట. పరీక్ష ముందురాత్రి రెండువందల మాటలు రుబ్బే పిల్లలకు ఇది గోడమీద రాసిపెట్టదగ్గ లెక్క.

ఈ ఎడం సూత్రాన్ని సామాన్యుడి చేతికి అందించింది సెబాస్టియన్ లైట్నర్. 1972లో ఆయన చెప్పిన ఉపాయం అట్టముక్కలూ ఐదు అరల పెట్టే. మాట గుర్తొస్తే చీటీ తర్వాతి అరలోకి, రాకపోతే మొదటి అరలోకి. పోలెండ్‌లో పియోత్ర్ వోజ్‌న్యాక్ 1987లో ఆ పనిని కంప్యూటరుకు అప్పగించాడు. డేమియన్ ఎల్మ్స్ 2006లో తెచ్చిన ‘అంకి’ అనే ప్రోగ్రాం కూడా ఆ దారిదే. అంకి అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం. మన తాతలు ఎక్కాలూ అమరమూ వల్లె వేయించినప్పుడు ఆ పని అట్టముక్క లేకుండానే జరిగింది, కాకపోతే అక్కడ బెత్తం ఉండేది.

చీటీ వెనక్కి తిప్పి చూడటం వేరు, తిప్పకముందే గుర్తుకు తెచ్చుకోవడం వేరు. జెఫ్రీ కార్పిక్, హెన్రీ రోడిగర్ 2008లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగంలో విద్యార్థులు 40 స్వాహిలీ మాటలు నేర్చుకున్నారు. మాట వచ్చేసిందని పరీక్ష ఆపేసినవాళ్లకు వారం తర్వాత మూడోవంతు గుర్తుంది. వచ్చేసినా పరీక్షించుకుంటూ పోయినవాళ్లకు నూటికి 80. తిరిగి తిరిగి చదవడం వల్ల పెద్ద తేడా రాలేదు. రంగురంగుల పెన్నులతో పదాల పట్టిక అందంగా రాసుకుని మురిసేవాళ్లు ఈ ఒక్క ఫలితం చూసైనా పుస్తకం మూసి, మాటను లోపల్నుంచి పైకి లాగడం అలవాటు చేసుకోవాలి.

ఇక మాటను తగిలించే కొక్కేల సంగతి. స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ రా, రిచర్డ్ అట్కిన్సన్ 1975లో స్పానిష్ మాటల మీద ‘కీవర్డ్’ పద్ధతిని పరీక్షించారు. కొత్త మాటకు శబ్దంలో దగ్గరగా ఉండే సొంతభాష మాట ఒకటి వెతికి, రెండింటినీ కలిపి మనసులో బొమ్మ గీసుకోవాలి. వాళ్ల ఉదాహరణ ‘పాతొ’, అంటే బాతు. ఇంగ్లిష్‌వాళ్లు తలమీద ‘పాట్’ బోర్లించుకున్న బాతును ఊహించుకున్నారు. ఒక ప్రయోగంలో ఈ పద్ధతివాళ్లకు నూటికి 88 గుర్తున్నాయి, మామూలుగా చదివినవాళ్లకు 28. తెలుగువాడికి ఆ కుండతో పనే లేదు. పాతొ అంటే బాతే కదా.

తెలుగు కొక్కేలకు కొదవా లేదు. ‘పేలొ’ అంటే జుట్టు, పేలు ఉండేదీ అందులోనే. ‘కార’ ముఖం, కారం కొట్టిన ముఖాన్ని ఒకసారి ఊహించుకుంటే మళ్లీ మరవం. ‘వాక’ ఆవు, వాకలో నీళ్లు తాగుతోంది. ‘సేన’ రాత్రి భోజనం, సేన మొత్తం బంతిలో కూర్చుంది. ఇలా పది మాటలు పదినిమిషాల్లో పట్టుబడతాయి. అయితే ఈ కొక్కేలు తుప్పుపడతాయి కూడా. బొమ్మతో నేర్చినవి మామూలుగా నేర్చినవాటికంటే త్వరగా జారిపోతున్నాయని 1992లో వచ్చిన మరో అధ్యయనం హెచ్చరించింది. మొండికేసిన మాటకు మాత్రమే కొక్కెం వాడి, దాన్ని మళ్లీ చీటీల పెట్టెలో వేయడం మేలు.

పాఠ్యపుస్తకాల అలవాటొకటి ఇక్కడే కడిగేయాలి. రంగులన్నీ ఒక పేజీలో, వారాల పేర్లన్నీ ఒక పేజీలో, వంటింటి సామాన్లన్నీ ఒక పేజీలో పేర్చడం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఒకే జాతి మాటలను ఒకేసారి మింగితే ఒకదానితో ఒకటి కలబడతాయని 1990లలో థామస్ టింకమ్ ప్రయోగాలు తేల్చాయి. ‘కుచార’ చెంచా, ‘కుచీయొ’ చాకు. రెండూ ఒకేరోజు నేర్చుకున్నవాడు హోటల్లో పులుసులోకి చాకు అడుగుతాడు. చెంచాను ఈ వారం, చాకును పై నెల నేర్చుకుంటే గొడవుండదు.

చీటీల పక్షానికి ఎదురుగా చదువుల పక్షం ఒకటుంది. స్టీఫెన్ క్రాషెన్ 1980ల నుంచీ చెబుతున్నది ఒకటే: అర్థమయ్యే స్థాయిలో బోలెడు వినండి, చదవండి, మాటలు వాటంతటవే వస్తాయి. పసివాళ్లు నేర్చేది అలాగే కదా అంటారు ఆయన అనుచరులు. నిజమే. కానీ పసివాడికి రోజంతా వేరే పనిలేదు, చుట్టూ పదిమంది అదే భాష మాట్లాడతారు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి అరగంట చదివే మనిషికి, ఒక అరుదైన మాట నవలలో మళ్లీ ఎదురయ్యేలోపే మరుపు వచ్చి ఎత్తుకుపోతుంది. అలాగని చీటీలే చాలంటే అదీ కుదరదు. చీటీ మీద మాట ఒంటరిది. అది ఎవరి పక్కన కూర్చుంటుందో, ఎప్పుడు ముతకగా వినిపిస్తుందో చీటీ చెప్పదు. మొదటి రెండు వేల మాటలకు చీటీలు ప్రధానం, ఆ పైన చదవడమూ వినడమూ ప్రధానం అన్నదే ఈ తగువులో న్యాయమైన తీర్పుగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, చుట్టరికాలు. ఇంగ్లిష్ చదువుకున్నవాడికి స్పానిష్‌లో వేల మాటలు లాటిన్ పుణ్యమా అని ఊరికే వస్తాయి. ‘నేషన్’ నసియోన్ అవుతుంది, ‘ఇన్ఫర్మేషన్’ ఇన్‌ఫొర్మసియోన్ అవుతుంది, ‘యూనివర్సిటీ’ ఉనివెర్సిదాద్ అవుతుంది. ఈ దారిన గుంటలూ ఉన్నాయి. ‘ఎక్సితొ’ బయటికి దారి కాదు, విజయం. దారి కావాలంటే ‘సలీద’ అన్న బోర్డు వెతకాలి. ‘సోప’ సబ్బు కాదు, సూపు. ‘రోప’ తాడు కాదు, బట్టలు. ‘లిబ్రెరీయ’లో పుస్తకాలు అరువివ్వరు, అమ్ముతారు. సిగ్గుపడ్డానని చెప్పబోయి ‘ఎంబరసాద’ అన్న అమ్మాయి నిజానికి తాను గర్భవతినని ప్రకటిస్తోంది.

తెలుగు వైపు చుట్టాలను ఎవరూ పిలవరు గానీ, వాళ్లూ గుంపుగానే ఉన్నారు. మన ‘చక్కెర’కు మూలమైన సంస్కృత ‘శర్కర’ ఫారసీలో షకర్ అయి, అరబ్బీలో సుక్కర్ అయి, స్పెయిన్‌లో ‘అసూకర్’గా తేలింది. మాద్రిద్‌లో ఆ ‘సూ’ నాలుక పళ్లమధ్య పెట్టి పలుకుతారు, లాటిన్ అమెరికాలో మామూలు సకారమే. ‘నారింజ’ అక్కడ ‘నరాంహ’. ఆ మాట దక్షిణాది భాషల్లోనే పుట్టి సంస్కృతం, ఫారసీ, అరబ్బీల మీదుగా పడమటికి నడిచిందని భాషావేత్తల్లో చాలామంది అభిప్రాయం. మన ‘కాజీ’ అక్కడ ‘అల్కాల్దె’ అయి న్యాయం వదిలి నగర మేయర్ పదవి పట్టాడు. ‘దివాణం’ వాళ్లకు ‘అద్వాన’ అయింది, అంటే కస్టమ్స్ ఆఫీసు. పాతబస్తీలో మాటకు ముందు వినిపించే ‘ఇన్షా అల్లా’ లాంటిదే స్పానిష్ ‘ఓహలా’, దేవుడి దయవల్ల అలా జరగాలి అని. అల్లా పేరు ఆ మాటలో ఉందని క్రైస్తవ స్పెయిన్‌లో అనేవాళ్లలో ఎంతమందికి గుర్తుంటుంది?

పోర్చుగీసు ఓడలు దింపిన సరుకు మరో మూట. పోర్చుగీసు స్పానిష్‌కు తోబుట్టువు కాబట్టి ఆ మాటలు ఇక్కడా పనికొస్తాయి. తువ్వాలు ‘తొఆయ’, అల్మారా ‘అర్మారియొ’, పీపా ‘పీప’, పాద్రి ‘పాద్రె’. మేస్త్రి ‘మయెస్త్రొ’ అయి ఇటుకలు దించి బళ్లో పాఠం చెబుతున్నాడు, కట్టుబడి మేస్త్రిని కూడా ఆ మాటతో పిలిచే దేశాలు లాటిన్ అమెరికాలో ఉన్నాయి. అనాసపండును అర్జెంటీనాలో అడిగితే ‘అననా’ అని అందిస్తారు. బొప్పాయి, సపోటా అయితే మనకే స్పానిష్ ఇచ్చిన బాకీ: పపాయ, సపోతె అన్న మాటలను స్పెయిన్‌వాళ్లు అమెరికా ఆదివాసుల నోట విని ప్రపంచానికి పంచారు.

చెవికి కూడా తెలుగు గొప్ప సాయం. స్పానిష్ అచ్చులు ఐదే. త, ద లు పళ్లకు తగిలే మన త, దలే, ఇంగ్లిష్‌వాడి ట, డలు కావు. వర్ణమాలలో ఉండీ ఉద్యోగం లేకుండా కూర్చున్న ‘ఞ’కు అక్కడ రోజంతా పనే: ‘నీఞొ’ చిన్నపిల్లాడు, ‘ఆఞొ’ సంవత్సరం. ‘పెరొ’ అంటే కానీ, ‘పెఱ్ఱొ’ అంటే కుక్క. బండి ఱ పోయిందని బాధపడేవాళ్లు దాన్ని మళ్లీ అక్కడ వినవచ్చు.

మాట కంటే మాట కూర్పులో తెలుగు ఇంకా దగ్గర. ‘మె గూస్త ఎల్ కఫే’ దగ్గర ఇంగ్లిష్ విద్యార్థులు నెలలు తడబడతారు, కాఫీ వాక్యానికి కర్త ఎలా అయిందో వాళ్లకు అంతుబట్టదు. తెలుగులో అది ‘నాకు కాఫీ ఇష్టం’, పాఠం అయిపోయింది. ‘మె ద్వేలె ల కబేస’ అంటే నాకు తల నొప్పెడుతోంది. చనువుకు ‘తూ’, మర్యాదకు ‘ఉస్తేద్’ అని వాళ్లు పాటించే తేడా నువ్వు, మీరు అని పెరిగిన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

‘ఎచార్’ అనే క్రియ ఉంది. ఇంగ్లిష్ నిఘంటువు దానికి ‘విసరడం’ అని అర్థమిచ్చి, కింద ముప్పై మినహాయింపులు చేర్చి విద్యార్థిని బెదరగొడుతుంది. ఎచార్ సాల్ అంటే ఉప్పు వేయడం. ఎచార్ ల యావె, తాళం వేయడం. ఎచార్ ఉన కార్త, డబ్బాలో ఉత్తరం వేయడం. తెలుగువాడికి అది ‘వేయు’ తప్ప మరొకటి కాదు. నూటికి నూరు చోట్లా కుదరదు, ఎచార్‌తో కునుకు తీస్తారు, మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తారు కూడా. అయినా మొదటి మెట్టు మనకు ఇంట్లోనే ఉంది.

మన భాష సాయపడని చోటు లింగం. స్పానిష్‌లో బల్ల ఆడది, పుస్తకం మగది. ‘ఓ’తో ముగిస్తే మగ, ‘ఆ’తో ముగిస్తే ఆడ అనుకుని నిశ్చింతగా ఉంటే ‘ల మానొ’ (చెయ్యి), ‘ఎల్ మాప’ (పటం) పట్టిస్తాయి. కాబట్టి నామవాచకాన్ని ముందున్న ‘ఎల్’, ‘ల’లతో కలిపే చీటీ మీద రాయాలి. ఒక మాట నుంచి పిల్లలను పుట్టించడం మాత్రం తేలిక. ‘సపాతొ’ చెప్పు, ‘సపతేరొ’ చెప్పులు కుట్టేవాడు, ‘సపతెరీయ’ చెప్పుల దుకాణం. ‘పాన్’ రొట్టె, ‘పనదేరొ’ రొట్టెలవాడు, ‘పనదెరీయ’ ఆ అంగడి. 2017లో మన ఆటోల్లో కూడా మోగిన ‘దెస్పసీతొ’ పాట పేరులో ఉన్నది ‘దెస్పాసియొ’, నెమ్మదిగా. దానికి ముద్దు ప్రత్యయం చేరిస్తే మెల్లమెల్లగా.

చివరిగా దేశం సంగతి తేల్చుకోవాలి. తెలంగాణలో ఆలుగడ్డ, కోస్తాలో బంగాళదుంప, సీమలో ఉర్లగడ్డ అయినట్టే అది స్పెయిన్‌లో ‘పతాత’, లాటిన్ అమెరికాలో ‘పాప’. బీన్సు గింజలు మెక్సికోలో ఫ్రిహోల్, స్పెయిన్‌లో హుదీయ, అర్జెంటీనాలో పొరోతొ, వెనెజువెలాలో కరఓత. సిటీబస్సు మెక్సికోలో కమియోన్, అర్జెంటీనాలో కొలెక్తీవొ, క్యూబాలో గ్వాగ్వ. చిలీలో గ్వాగ్వ అంటే చంటిబిడ్డ. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి నిర్భయంగా వాడే ‘కొహేర్’ అర్జెంటీనాలో, మెక్సికోలో పచ్చి బూతు. టెక్సస్‌లో స్థిరపడినవాళ్లు మెక్సికో మాటలు, బార్సెలోనాలో చదువుకు వెళ్లేవాళ్లు స్పెయిన్ మాటలు ముందు పట్టుకోవాలి. పుస్తకం ఏ దేశపు స్పానిష్ నేర్పుతుందో అట్ట వెనక చూసి కొనండి. చీటీలు రాసేటప్పుడు ఒక పక్క స్పానిష్, రెండో పక్క నేరుగా తెలుగు రాయండి. మొదటి చీటీ ‘ఫులానొ’ది కావచ్చు.